రాని రోగి

కేసు షీటు మీద డాక్టర్లు రాసే మాటల్లో ఒకటి నన్ను నలభై ఏళ్లుగా కెలుకుతోంది. ఇంగ్లీషులో రాస్తారు, రోగి బంధువుల ముందు తెలుగులో అంటారు. నిర్లక్ష్యం. నిర్లక్ష్యం వల్ల జబ్బు ముదిరింది, నిర్లక్ష్యం చేసి మందులు ఆపేశాడు, నిర్లక్ష్యంగా ఆఖరి ఘడియలో వచ్చాడు. ఈ మాట ఎవరి మీద రాస్తారో గమనిస్తూ వచ్చాను. ఊళ్లో కామందుకి గుండెపోటు వస్తే "పాపం, వ్యవహారాలెక్కువ, వొత్తిడి" అన్నారు. మా పల్లెలో వాడికి అదే పోటు వస్తే "తాగుడూ, నిర్లక్ష్యమూ" అన్నారు. రెండు గుండెల్లోనూ గడ్డకట్టింది నెత్తురే.

ఈ పుస్తకంలో మిగతావాళ్లు తమ బడి గురించి, బావి గురించి, హాస్టలు గురించి రాస్తారు. నేను డాక్టర్ని గనక ఆస్పత్రి గురించి రాస్తాను. నా ప్రశ్న ఇది. ఆస్పత్రికి వచ్చిన రోగికి వైద్యం చెయ్యడం డాక్టరు ధర్మమని అందరూ ఒప్పుకుంటారు. రాని రోగికి డాక్టరు బాకీ పడి ఉన్నాడా, లేదా? వాడు రాలేదు కాబట్టి వాడి ఖర్మ అనుకుని కుర్చీలో కూచోవచ్చా? ముఖ్యంగా ఊరిబయట పల్లెల్లో పాతికకీ యాభైకీ మధ్య వయసు మగవాళ్ల గురించి అడుగుతున్నాను. వాళ్లు నడిచి రారు. మోసుకొస్తే వస్తారు.

మాది పల్నాడు. మాదిగపల్లె. మా నాయన ఒక కామందు దగ్గర పాలేరు. ఉగాది నుంచి ఉగాదికి జీతానికి కుదిరేవాడు. జీతం కింద జొన్నలు, ఒక పంచె, కొంత రొక్కం. చెప్పులు మాత్రం కామందుకి మేమే కుట్టివ్వాలి. ఒకరోజు పనికి పోకపోతే దాన్ని నాగా అంటారు. నాగా పడిన రోజులన్నీ కామందు గుర్తుపెట్టుకుని ఏడాది చివర అన్ని రోజులూ ఊరికే చేయించుకునేవాడు. జబ్బు చేసినా అది నాగాయే. పట్నంలో ఆస్పత్రికి పోవాలంటే పొద్దున బస్సెక్కి పొద్దుగూకాక దిగాలి. అంటే ఒక నాగా, ఇద్దరి బస్సు చార్జీ, డాక్టరు ఫీజు, తోడొచ్చినందుకు మా అమ్మ పోగొట్టుకునే కూలి. ఈ లెక్కంతా వేసుకుని మా నాయన తలనొప్పికి నుదుటిమీద గుడ్డ బిగించి కట్టుకుని అరకకి పొయ్యేవాడు. చదువురాని మనిషి వేసిన ఆ లెక్కలో తప్పు పట్టడానికి నాకు ఇప్పటికీ ఏమీ దొరకలేదు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒకసారి ఆయనతో కలిసి పట్నం డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆ డాక్టరు పేరు ఇక్కడ అనవసరం. ఊరివాళ్లు లోపల బల్లమీద కూచున్నారు. పల్లెవాళ్లం బయట మెట్ల మీద కూచున్నాం. కాంపౌండరు బయటికొచ్చి నాలిక చూసి, కనురెప్ప లాగి చూసి, లోపలికెళ్లి చెప్పాడు. లోపల్నించి "ఎన్నాళ్లయిందిరా?" అని కేక. మా నాయన లేచి నిలబడి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, గోడకి జవాబు చెప్పాడు. చీటీ కాంపౌండరు చేతికొచ్చి, అక్కణ్ణించి మాకొచ్చింది. డాక్టరు చెయ్యి మా నాయన వొంటికి తగల్లేదు.

తర్వాతెప్పుడో అంబేద్కర్ రాసుకున్న 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చదివాను. 1929 డిసెంబరులో 'యంగ్ ఇండియా'లో అచ్చయిన ఒక ఉత్తరాన్ని ఆయన అందులో చేర్చారు. కాఠియవాడ్‌లో ఒక అంటరాని బడిపంతులు భార్య బాలింతగా ఉండి జబ్బుపడింది. డాక్టరు పేటలోకి రానన్నాడు. బతిమాలితే పేట బయటిదాకా వచ్చాడు. థర్మామీటరు ఒక ముస్లిం చేతికిచ్చాడు, అతను భర్తకిచ్చాడు, భర్త భార్యకి పెట్టాడు. మళ్లీ అదే దారిన అది వెనక్కి వెళ్లింది. నిమోనియా అని చెప్పి డాక్టరు వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఆమె చచ్చిపోయింది. చదువుతుంటే నాకు మా కాంపౌండరు కళ్లముందు కనపడ్డాడు. ఈ కాలంలో పెద్ద పెద్ద ఆస్పత్రుల్లో డాక్టరు కంప్యూటరు తెర చూస్తూనే చీటీ రాస్తాడు, ఏ కులంవాణ్ణీ ముట్టుకోడు. ఆ లెక్కన అందరూ మాలో కలిశారనుకోవాలి.

మా పల్లెకి ఫ్యామిలీ డాక్టరు ఎవరంటే ఆరెంపీ. సాయిబుగారు. సైకిలుకి తోలు సంచి తగిలించుకుని దీపాలు పెట్టే వేళకి వచ్చేవాడు. మగాళ్లు చేలనించి వచ్చి కాళ్లు కడుక్కునే వేళ అది. మా కుక్కి మంచం మీదే కూచునేవాడు. మా లోటాతోనే నీళ్లు తాగేవాడు. ఆయనకి తెలిసిన రోగం ఒక్కటే, నీరసం. తెలిసిన వైద్యం ఒక్కటే, ఎర్రసూది. డబ్బులు మిరపకాయలు కల్లంలో ఆరాక ఇస్తే చాలు. ఆయన సూదికి చీముపట్టిన పిర్రల్ని తర్వాతి కాలంలో నేనే కోశాను కాబట్టి ఆయన్ని పొగడటానికి ఈ మాటలు రాయడం లేదు. ఎడాపెడా స్టెరాయిడ్లు గుచ్చి ఎముకలు గుల్లచేసిన ఆరెంపీల్ని కూడా ఎరుగుదును. కానీ మగవాడు ఇంటిపట్టున ఏ వేళ ఉంటాడో, ఎక్కడ కూచుంటాడో, చేతిలో డబ్బు ఏ నెల ఆడుతుందో ఆ సాయిబుకి తెలుసు. ఐదున్నరేళ్ల చదువులో ఇందులో ఒక్కటి కూడా నాకెవరూ చెప్పలేదు. కాలేజీలో ప్రామాణిక పురుషుడని ఒకణ్ణి చూపించేవాళ్లు, డెబ్బై కిలోలు. మందు మోతాదులన్నీ అతని లెక్కనే. మా పల్లెలో అలాంటివాడు ఒక్కడూ లేడు.

1977లో నాకు మెడిసిన్‌లో సీటొచ్చింది. ఆ ఏడాదే మా నాయన పోయాడు. నేను మొదటి సంవత్సరం, శవాన్ని కొయ్యడమే తప్ప బతికినవాళ్ల చెయ్యి పట్టుకోవడం ఇంకా నేర్పలేదు. పత్తి బళ్లు తోలుకుపోతూ దారిలో పడిపోయాడు. మూతి వంకరపోయి, కుడిపక్క చచ్చుబడింది. ఆయన చేతికి బీపీ పట్టీ మొదటిసారి చుట్టింది ఆయన మాట పడిపోయాకే. మూడోరోజు పోయాడు. వయసు యాభైలోపే. మా వంశంలో ఇంగ్లీషు చదవగలిగిన మొదటివాణ్ణి నేను. ఆ చదువుతో మా నాయన కేసు షీటు చదువుకున్నాను. అందులో ఆ మాట ఉంది.

మనం చావుల్ని లెక్కపెట్టే పద్ధతి మీద కూడా నాకొక పేచీ ఉంది. 1985లో కారంచేడు, 1991లో చుండూరు. గొడ్డళ్లతో నరికిన చావులు మనల్ని లేపాయి, లేపాలి. ఆ నెత్తుట్లోంచే మన సంఘాలు, మన సాహిత్యం వచ్చాయి. కానీ నలభై ఐదేళ్లకి మిరపతోటలో కూలబడి పోయేవాడి చావుకి ఊరేగింపు లేదు. వాడు దేవుడు పిలిస్తే పోయాడని పాస్టరుగారు ప్రార్థన చేస్తారు. ఊళ్లో అదే వయసు మోతుబరి ఇంకా ముప్పయ్యేళ్లు పంచాయితీలు చెబుతాడు. ఈ ముప్పయ్యేళ్లని ఎవరు తీసుకున్నట్టు?

1986లో నన్నొక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేశారు. పొద్దున తొమ్మిదింటికి ఓపీ మొదలు, పన్నెండున్నరకి కట్టేస్తాం. నా ముందు వరసలో ఆడవాళ్లు, పసిపిల్లలు, కర్ర పట్టుకున్న ముసలాళ్లు. పల్లెల్లో కష్టం చేసే వయసు మగాడు పాము కరిస్తేనో, పురుగుమందు కమ్మితేనో, కాలు విరిగితేనో తప్ప కనపడడు. వాడు పొద్దున ఆరింటికే చేలో ఉంటాడు. మా తలుపు తెరిచేసరికి వాడు ఇంట్లో లేడు, వాడు ఇల్లు చేరేసరికి మా తలుపు లేదు. దీనికి ఆస్పత్రి మొత్తం పెట్టుకున్న పేరు మగాళ్ల నిర్లక్ష్యం.

సర్కారు రికార్డుల్లో కూడా పేద మగవాడికి ఒక్క కాలమే ఉండేది, కుటుంబ నియంత్రణ. ఎమర్జెన్సీలో 1976-77 ఒక్క ఏడాదే దేశంలో 80 లక్షల పైన ఆపరేషన్లు చేశారు. అందులో ముప్పాతిక వంతు మగవాళ్లవే. టార్గెట్ల కోసం ఎవర్ని పట్టుకొస్తారు? మా చిన్నాయన్ని కార్డు ఆపుతామని బెదిరించి తీసుకుపోయారు. ఆపరేషనుతో బలం పోదని డాక్టర్నయ్యాక నేనెంత చెప్పినా ఆయన నమ్మలేదు. బలం పోయిందనే నమ్ముతూ బతికాడు. తెల్ల జీపు డొంకలోకి తిరిగిందంటే జొన్నచేలో పడేవాడు. రాని రోగి అంటున్నామే, వాడికి జ్ఞాపకం కూడా ఉంటుంది. డాక్టరు ఇంటికొస్తే వాడు సంతోషించాలని ఎక్కడుంది? కాబట్టి నా ప్రశ్నకి రెండో వైపు కూడా ఉంది. బాకీ ఉన్నామని చెప్పి గడపలోకి చొరబడే హక్కు మనకుందా?

నేను వేళ మార్చాను. వారానికి రెండు సాయంత్రాలు, ఆదివారం ఆరాధన అయ్యాక, బీపీ మిషనూ తూకమూ సైకిలుకి కట్టుకుని పల్లెలకి పోయేవాణ్ణి. మొదటి పల్లెలో వేపచెట్టు కింద బల్ల వేయించమన్నాను. అక్కడి పెద్దాయన ఒప్పుకోలేదు. "అబ్బాయా, నలుగురిలో మిషను పెట్టబాక. ఫలానావోడికి బీపీ అంట అని తెల్లారేసరికి మేస్త్రికి తెలిసిద్ది. రేపు ముఠాలోకి పిలవడు. జీతానికీ ఎవుడూ పెట్టుకోడు. నీకేం, మిషను కట్టుకుని పోతావు" అన్నాడు. రోగి గుట్టు కాపాడాలని మేం చదివిన సూత్రం ఆయన నోట అంత సూటిగా వచ్చింది. మగవాళ్లు జబ్బుని దాచిపెట్టేది మీసం కోసమే అని మనస్తత్వ శాస్త్రాలు చెబుతాయి. మా పల్లెల్లో మీసం సంగతి తర్వాత. జబ్బు బయటపడితే పని పోతుంది.

పెద్దాయనే చర్చి వెనక గది ఇప్పించాడు. తలుపుకి దుప్పటి కట్టాం. పల్లెలో ముప్పయ్యేళ్లు దాటిన ప్రతి మగవాడి పేరూ గడప గడపకీ అడిగి రాసుకున్నాం. జబ్బున్నవాడు రండి అంటే ఎవడూ రాడు. అందర్నీ పిలిస్తే పిలుపులో మచ్చ ఉండదు. వద్దన్నవాడి పేరు ఎదురుగా ఖాళీ వదిలేవాణ్ణి. ఇంకోసారి అడిగేవాణ్ణి, అంతే. జీపు తీసుకురాలేదు, నర్సమ్మల టార్గెట్లు కలపలేదు, ఆపరేషను మాట ఎత్తనని ముందే చర్చిలో చెప్పాను.

దుప్పటి వెనక వాళ్లు మాట్లాడింది బీపీ గురించి కాదు. నీరసం, కాళ్లు పీకడం, నిద్ర పట్టకపోవడం. నీరసం అనే మాటని డాక్టర్లు విని నవ్వుతారు. ఒకడి నీరసం టి.బి., ఒకడిది కొంకిపురుగు, ఒకడిది షుగరు, ఒకడిది కూతురి పెళ్లి అప్పు. ఇంకొకడిది భార్య దగ్గర పడుకోలేకపోతున్నాననే సిగ్గు. ఆ మాట బయటికి రావడానికి నాలుగు సాయంత్రాలు పట్టేది. మొదటిసారే సూదేసి పంపిస్తే ఐదో సాయంత్రం ఉండదు.

నాకు మావ వరసయ్యే ఒకాయన వేరేవాళ్లని తీసుకొచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. తనకేం లేదన్నాడు. ఊరికే చూస్తా రా మావా అంటే వచ్చాడు. 200 బై 120. విషయం చెప్పాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. "మాత్ర ఏసుకుంటే పన్జెయ్యొచ్చా, చెయ్యగూడదా?" చెయ్యొచ్చన్నాను. "అయితే ఏసుకుంటా. మానుకోమంటే మాత్రం నీ మాత్ర నువ్వే ఉంచుకో." మా నాయన లెక్కే అది. ఆస్పత్రిలో ఐదు రోజుల మాత్రలే ఇవ్వాలని అక్కడి పద్ధతి. ఐదు రోజులకోసారి తొమ్మిదింటికి రమ్మంటే నెలకి ఆరు నాగాలు. ఏ మగాడు వస్తాడు? నేను నెల మాత్రలు ఒకేసారి రాశాను. ఫార్మసిస్టు రూలు చూపించాడు. రూలు పుస్తకం తెప్పించి చదివితే అలాంటి రూలేమీ లేదు, అలవాటే రూలైంది. ఆ మావ ఆ తర్వాత పాతికేళ్లు బతికాడు. పాతికేళ్లూ పని చేశాడు.

పని అన్నాను గనక ఒక ఇటలీ డాక్టరు గురించి చెప్పాలి. బెర్నార్డినో రామజీని. పనివాళ్ల జబ్బుల మీద 1700లో పుస్తకం రాశాడు. రోగిని డాక్టర్లు అడిగే ప్రశ్నలకి ఆయన ఇంకోటి కలిపాడు, నువ్వేం పని చేస్తావు అని. ఆ పుస్తకం రాయాలన్న ఆలోచన ఆయనకి ఎక్కడ పుట్టిందో తెలుసా? మొడేనాలో తన ఇంటి మరుగుదొడ్డి గొయ్యి ఎత్తేవాణ్ణి చూసినప్పుడు. ఎందుకంత హడావుడిగా చేస్తున్నావని అడిగితే, ఇంకాసేపు లోపలుంటే కళ్లు పోతాయన్నాడట. మూడువందల ఏళ్ల కిందట ఒక డాక్టరు పాకీపని చేసేవాడితో ఆగి మాట్లాడాడు. మన దేశంలో ఆ పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. మురుగుకాలవల్లో చచ్చినవాళ్ల కుటుంబాలకి పది లక్షలివ్వమని 2014లో, ముప్పై లక్షలివ్వమని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. మాన్‌హోల్లోకి దిగేవాడు దిగకముందు ఏ డాక్టరు ముందైనా కూచున్నాడా, కూచుంటే నీ పనేంటని ఆ డాక్టరు అడిగాడా?

1987లో గుంటూరు, ప్రకాశం పత్తిచేలల్లో తెల్లదోమ విరుచుకుపడింది. అప్పులపాలై రైతులు పురుగుమందు తాగారు. వాళ్ల చావులు పత్రికలకెక్కాయి, ఎక్కాల్సిందే. అదే మందుని ట్యాంకుతో వీపున మోసి, గోచీ మీద, ముక్కుకి గుడ్డ కూడా లేకుండా కొట్టింది మన వాళ్లు. పీల్చి పడిపోయినవాళ్ల లెక్క నేనెక్కడా చూడలేదు. నోట చొంగ, ఒళ్లంతా చెమట, కంటిపాప సూదిమొనంత. అట్రోపిన్ మీద అట్రోపిన్ ఎక్కిస్తూ రాత్రంతా పక్కన కూచోవాలి. అలా కూచున్న ఒక రాత్రి ఆ చేను తాలూకు ఆసామి వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. "డాక్టరుగారూ, వాడు సారా తాగి పడ్డాడని రాయండి. పోయినా బతికినా మనకి గొడవుండదు" అన్నాడు. మందు కొడుతుంటే విషం ఎక్కిందని రాశాను. ఆ కాగితంతో అతని వైద్యం ఖర్చు ఆసామి పెట్టుకోవాల్సి వచ్చింది. మూడు నెలల్లో నాకు బదిలీ ఆర్డరు వచ్చింది. డాక్టరు చేతిలో మందులకన్నా బలమైనది ఒకటుంది, రోగానికి కారణం రాసే కలం. ఆ కలాన్నే ఇన్నాళ్లూ నిర్లక్ష్యం అని రాయడానికి వాడుతూ వచ్చారు.

సారా సంగతి రానే వచ్చింది. ఇది తప్పించుకుని పోతే మీరు ఊరుకోరు. మన మగాళ్లు తాగుతారు. తాగి కొడతారు. మా అమ్మ వీపు మీద నాకు గుర్తున్న మచ్చలున్నాయి. ఊళ్లో ఒరే అనిపించుకున్నవాడు గుడిసెలోకొచ్చి దొరవుతాడు. 1992లో దూబగుంట ఆడవాళ్లు లేచి సారా దుకాణం మూయించినప్పుడు, అది నెల్లూరు దాటి జిల్లా జిల్లాకీ పాకినప్పుడు, నేను పనిచేసే చోట కూడా ఆడవాళ్లు ప్యాకెట్లు తగలబెట్టారు. 1993లో సారా నిషేధించారు, 1995లో మొత్తం మద్యం నిషేధించారు, 1997లో ఎత్తేశారు. వారుణి వాహిని అని పేరుపెట్టి ప్రభుత్వమే సారా ప్యాకెట్లు పంపింది ఈ పల్లెలకే. మంచినీళ్ల కుళాయి రాని డొంకలోకి ఆ ప్యాకెట్టు టంచనుగా వచ్చేది. బీపీ మాత్ర రాలేదు. ఆడవాళ్ల పోరాటం నూటికి నూరుపాళ్లు న్యాయం. కానీ నాతో పనిచేసిన డాక్టర్లు దాన్ని అడ్డం పెట్టుకుని, తాగేవాడికి వైద్యమేంటి అనడం మొదలెట్టారు. దాంతో నాకు పేచీ. నిషేధం వచ్చిన వారంలో చేతులు వణుకుతూ, ఫిట్స్ వచ్చి, లేని పాముల్ని చూపిస్తూ వచ్చినవాళ్లని పోలీసుకేసుల్లా చూశారు. ఎంత తాగుతావ్ అని గద్దిస్తే అబద్ధం చెబుతాడు. ఎప్పుడు తాగుతావ్, నడుంనొప్పికా నిద్రకా అని అడిగితే నిజం చెబుతాడు. భార్యని కొట్టినందుకు వాణ్ణి నిలదియ్యాలి. నిలదీసే పంచాయితీలో నేనూ కూచున్నాను. కాలేయం వాచినప్పుడు మాత్రం వాడు రోగి.

ఒక మీటింగులో ఒక చెల్లెలు లేచి అడిగింది. "అన్నా, మన ఆడవాళ్లు నెత్తురు లేక చస్తుంటే నువ్వు మగాళ్ల కోసం రాత్రులు తిరుగుతున్నావా?" ఆమె అడిగింది సరైన ప్రశ్న. మగాడికి నెత్తుటిపోటు వస్తే మంచం దగ్గర చాకిరీ ఆమెదే, ముప్పై ఐదేళ్లకి బొట్టు చెరుపుకునేదీ ఆమే, వాడి టి.బి. అంటుకునేదీ ఆమెకే అని జవాబు చెప్పొచ్చు. అదంతా నిజమే. అయినా ఆ జవాబు నాకు చాలదు. వాణ్ణి బతికించడానికి వాడి వల్ల ఎవరికో ఉపయోగం ఉందని ఎందుకు రుజువు చెయ్యాలి? కామందు కూడా మా నాయన్ని అలాగే చూశాడు, అరకకి పనికొచ్చేదాకా. ఆడవాళ్ల ఓపీ తగ్గించి మగాళ్ల ఓపీ పెట్టమని నేననడం లేదు. మూసి ఉన్న వేళల్లో తలుపు తెరవమంటున్నాను. సాయంత్రం తెరిస్తే కూలికెళ్లే ఆడవాళ్లు కూడా వచ్చారు, నా గదికి.

ఇదంతా మన దగ్గరే కనిపెట్టిన విషయం కాదని తర్వాత తెలిసింది. బ్రిటన్‌లో, వేల్స్ బొగ్గుగనుల ప్రాంతంలో గ్లిన్‌కోరుగ్ అనే ఊళ్లో జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే ఫ్యామిలీ డాక్టరు ఉండేవాడు. 1971లో 'లాన్సెట్' పత్రికలో ఒక వ్యాసం రాశాడు. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే మంచి వైద్యం తక్కువగా అందుతుంది, వైద్యాన్ని మార్కెట్టుకి వదిలినకొద్దీ ఇది ముదురుతుంది అని దాని సారం. దీన్ని తిరగబడ్డ న్యాయం అనొచ్చు. మా పల్లెలో ఏ ముసలమ్మనడిగినా చెప్పేది, కాకపోతే ఆమెకి లాన్సెట్ లేదు. ఆయన ఒట్టి సూత్రం చెప్పి ఊరుకోలేదు. వచ్చినవాళ్లకి మాత్రమే కాక ఆ ఊళ్లో పెద్దవాళ్లు దాదాపు అందరికీ బీపీ చూశాడు. రానివాళ్లని వెతుక్కుంటూ వెళ్లాడు. పాతికేళ్ల పని లెక్కలు 1991లో అచ్చువేశాడు. పక్కనున్న అలాంటి గనుల ఊరితో పోలిస్తే గ్లిన్‌కోరుగ్‌లో అరవై ఐదేళ్లలోపు చావులు తక్కువ. మహా యంత్రాలేవీ లేవు. ఒక జాబితా, ఒక బీపీ పట్టీ, కదలకుండా ఒకేచోట పాతికేళ్లు ఉన్న ఒక మనిషి. మన దగ్గర ఆ మూడోది దొరకదు. డాక్టరు పల్లెటూరికి రాడు, వస్తే ఉండడు, ఉండేవాణ్ణి బదిలీ చేస్తారు.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. తెల్లకార్డు వాళ్లకి గుండె ఆపరేషన్లు అయ్యాయి, నేనే ఎందరినో పంపించాను. దాన్ని తీసిపారెయ్యను. కానీ అది మోసుకొచ్చిన మనిషికి. నడుస్తూ తిరుగుతున్న మనిషి నెత్తుటిపోటుని పదేళ్ల ముందే పట్టుకునే పనికి అలాంటి గొప్ప పేరు ఎవరూ పెట్టలేదు. 2023 ఏప్రిల్‌లో మా పల్నాడు జిల్లాలోనే, చిలకలూరిపేట దగ్గర లింగంగుంట్లలో, ఫ్యామిలీ డాక్టరు పథకం మొదలైంది. ఆరోగ్య కేంద్రానికి ఇద్దరు డాక్టర్లు, ఒకరు అక్కడే, ఒకరు 104 బండిలో ఊళ్లకి. ఊరికి నెలకి రెండుసార్లు. మంచం పట్టినవాళ్ల ఇళ్లకి డాక్టరు వెళ్లాలని కూడా రాసుకున్నారు. నలభై ఏళ్ల కిందట ఇది జరుగుతుందంటే నేను నమ్మేవాణ్ణి కాదు. చూద్దామని వెళ్లాను. బండి పొద్దున వచ్చింది, సాయంత్రం పనివేళ దాటకుండా పోయింది. ఊరి మధ్యలో సచివాలయం దగ్గర ఆగింది. వరసలో ఆడవాళ్లు, పిల్లలు, ముసలాళ్లు. మళ్లీ అదే వరస. ప్రభుత్వం 2024లో మారింది. పథకాల పేర్లు మారుతుంటాయి, వాటి మీద నాకు పట్టింపు లేదు. ఆ బండి రాత్రి ఏడింటికి, మాదిగపల్లెలో, చర్చి దగ్గర ఆగాలి. నెలకోసారి ఆగినా చాలు. డాక్టర్లకి రాత్రి డ్యూటీ కష్టమంటారు. కాన్పులకి రాత్రి డ్యూటీ చేస్తున్నారుగా.

యూనివర్సిటీ కుర్రాడొకడు నా మీద విసుక్కున్నాడు. భూమి మారకుండా, కూలి మారకుండా నీ మాత్రలేం చేస్తాయి సారూ, పుండుకి మసిపూయడం కదా అన్నాడు. నిజానికి వాడు చెప్పింది చాలావరకు ఒప్పుకుంటాను. ఎకరం భూమి ఉంటే మా నాయనకి నాగా అన్న మాటే ఉండేది కాదు. కానీ భూమి వచ్చేదాకా నెత్తురుగొట్టం ఆగదు బాబూ. పోరాటానికి పిలిచే వయసు మగాళ్లే నలభై ఐదేళ్లకి రాలిపోతుంటే రేపు ఆ భూమిలో నిలబడేదెవరు? పైగా టి.బి. వాడికి నెలనెలా పౌష్టికాహారం డబ్బులున్నాయి. 2018లో 500తో మొదలై 2024 నవంబరు నుంచి 1000 అయింది. బ్యాంకు ఖాతా కలవక అది రానివాళ్లెందరో. డాక్టరు ఫారం మీద ఫారం రాసి, ఫోను చేసి, దాన్ని ఇప్పించగలడు. నేను దాన్ని కూడా వైద్యం కిందే లెక్కేస్తాను. మెడికల్ కాలేజీల్లో చదువుతున్న మన పిల్లలు ఇది చదువుతారని ఈ గొడవంతా రాస్తున్నాను. మీరు పీజీ చేసి నగరాల్లో స్థిరపడతారు, మిమ్మల్ని తప్పుపట్టను. రిజర్వేషన్ డాక్టరని వెనక గొణిగే చోట నిలదొక్కుకోవడమే ఒక యుద్ధం. మీ ఓపీలోకి వచ్చిన కూలీవాణ్ణి పనేంటని అడగండి. ఏ వేళకి రాగలవని అడగండి. మణికట్టు పట్టుకుని అడగండి.

రిటైరయ్యాక చిన్న పట్నంలో కన్సల్టింగు పెట్టుకున్నాను. ఊళ్లవాళ్లు మొదటిసారి వచ్చినప్పుడు "డాక్టరుగారిదే ఊరు?" అంటారు. ఊరు చెబితే "ఊళ్లో ఎవరి తాలూకు?" అంటారు. చెబుతాను. సగం మంది మళ్లీ వస్తారు. రాత్రి తొమ్మిది దాటాక షట్టరు సగం దించి ఉంచుతాను. అప్పుడొచ్చేవాళ్లు వేరు, మిర్చి యార్డులో బస్తాలు మోసే హమాలీలు, ఆటోలవాళ్లు, సెంట్రింగు పనివాళ్లు. మూడు పల్లెల జాబితాలు ఇంకా నా దగ్గరున్నాయి, పాతవి కొట్టేసి కొత్త పేర్లు రాసుకుంటూ వస్తున్నాను. వాళ్ల నాయనల పేర్లు నాకు గుర్తే. మొదటి పల్లెలో ముప్పయ్యేళ్లు దాటిన మగవాళ్లలో పదకొండు మంది ఎదురుగా ఇవాళ్టికీ ఖాళీ ఉంది. ఐదుగురు బెంగుళూరులో బిల్డింగు పనికి పోయారు, క్రిస్మసుకి గానీ రారు. ఇద్దరు వద్దన్నారు. ముగ్గురు రేపు మాపు అంటున్నారు. ఒకడు కోళ్లఫారం కాపలాకి కుదిరాడు. పగలూ రాత్రీ అక్కడే, వొదిలి రావడానికి లేదు. వాళ్ల నాయనకి పక్షవాతం వచ్చింది. ఈ ఆదివారం కోళ్లఫారం దాకా వెళ్లి రావాలి.